పియానో కడుపులోని ఇనుము

2020 జనవరి చివరి రోజులు. బెర్లిన్‌లో ఒక రికార్డింగ్ ముగిసింది. కెనడాకు చెందిన పియానో విద్వాంసురాలు ఏంజెలా హ్యూయిట్ ఏళ్ల తరబడి ప్రాణంగా చూసుకున్న ఫాత్సియోలి గ్రాండ్ పియానోను అక్కడి నుంచి తరలించాలి. ట్రాలీ మీదికి ఎక్కిస్తూ మోసేవాళ్లు జారవిడిచారు. లోపలి ఇనప చట్రం విరిగింది. తయారుచేసిన పావ్లో ఫాత్సియోలి స్వయంగా చూసి, ఇక బాగుచేసి లాభం లేదని తేల్చేశారు.

టన్నుల బరువును ఏళ్ల తరబడి ఓర్చుకున్న ఇనుము ఒక్క పాటుకు ఎందుకు విరిగింది? అది తెలియాలంటే ఆ ఇనుము పియానోలోకి ఎలా వచ్చిందో చూడాలి.

పుట్టినప్పుడు పియానోది చెక్క ఒళ్లు. ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో, మెడిచి రాకుమారుడి కొలువులో, బార్తొలొమెయో క్రిస్తోఫొరి 1700 నాటికే దాన్ని తయారుచేశాడు. అంతకుముందున్న హార్ప్‌సికార్డ్ తీగను మీటేది. ఎంత గట్టిగా నొక్కినా ధ్వని దాదాపు ఒకటే. క్రిస్తోఫొరి మీటడం మానిపించి, చిన్న సుత్తితో కొట్టించాడు. సుత్తి తీగను తాకిన మరుక్షణం వెనక్కి పడిపోవాలి, లేకపోతే మోగే తీగ గొంతు అదే నొక్కేస్తుంది. ఈ చిక్కు విప్పడమే అతని గొప్పతనం. మెల్లగా నొక్కితే మంద్రంగా, బలంగా నొక్కితే బిగ్గరగా పలికింది. ఇటాలియన్‌లో 'పియానో' అంటే మెల్లగా అనే. 1720లో అతను చేసిన 54 మెట్ల పియానో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది.

ఆ తర్వాత కచేరీ హాళ్లు పెద్దవయ్యాయి, ధ్వని చాల్లేదు. తీగలు లావెక్కాయి, బిగింపు పెరిగింది, చెక్క వంగిపోసాగింది. 1817 డిసెంబరులో లండన్‌లోని బ్రాడ్‌వుడ్ కంపెనీ బీథోవెన్‌కు కానుకగా పంపిన పియానో త్రియెస్తె దాకా ఓడలో వెళ్లి, అక్కణ్నుంచి కొండదారుల్లో బండి మీద వియన్నా చేరింది. అప్పటికింకా నిండు ఇనప చట్రం రాలేదు. 1825లో బోస్టన్‌కు చెందిన ఆల్ఫియస్ బాబ్‌కాక్ ఒకే పోతగా పోసిన ఇనప చట్రానికి పేటెంటు పొందాడు. 1859లో స్టెయిన్‌వే కంపెనీ గ్రాండ్ పియానోలో లావు తీగలను మిగతావాటి మీదుగా ఏటవాలుగా బిగించే పద్ధతికి పేటెంటు తీసుకుంది. ఇవాళ్టి పియానో రూపం దాదాపు అక్కడే స్థిరపడింది.

నేటి కచేరీ పియానోలో సుమారు 230 తీగలుంటాయి. అన్నిటి లాగుడూ కలిపితే ఇరవై టన్నుల దాకా పోతుంది. అంటే సరుకు నింపిన లారీ అంత బరువు! ఆ ఒత్తిడిని కాచుకునేది పోత ఇనుమే. ఎంత నొక్కినా తట్టుకోవడం దాని గుణం. కానీ అందులో కర్బనం సన్నని గ్రాఫైట్ రేకులుగా పేరుకుని ఉంటుంది. దెబ్బ తగిలితే పగులు ఒక రేకు నుంచి మరో రేకుకు పాకుతుంది. ఉక్కులాగా వంగి ఊరుకోదు, పుటుక్కున విరుగుతుంది. బెర్లిన్‌లో జరిగింది అదే.

అందుకే పియానో మోయడం ఒక ప్రత్యేక విద్య. గ్రాండ్ పియానో అయితే ముందు మూత, పెడళ్ల అమరిక విప్పేస్తారు. ఎడమవైపు ముందుకాలు ఊడదీసి, ఆ మూలను మెత్తలు పరిచిన బల్ల మీదికి నెమ్మదిగా దించుతారు. తిన్నగా, పొడవుగా ఉండే ఆ పక్కమీదే పియానోను నిలబెట్టి, మిగతా రెండు కాళ్లూ తీస్తారు. దుప్పట్లు చుట్టి, పటకాలతో బల్లకు బిగించి, అప్పుడు చక్రాల పీట ఎక్కిస్తారు. గోడకు ఆనించి వాయించే అప్‌రైట్‌కు బరువంతా వీపువైపే ఉంటుంది; వెనక్కి ఒరిగిందంటే మనిషి ఆపలేడు. కింద చిన్న చక్రాలున్నాయి కదా అని దొర్లించుకుపోకూడదు. అవి గదిలో కాస్త అటూ ఇటూ జరపడానికే. గడప తగిలితే చక్రం ఊడుతుంది, లేదా కాలు విరుగుతుంది.

కొత్త ఇంటికి క్షేమంగా చేరినా పని సగమే అయినట్టు. తీగల కింద ధ్వనిని పెంచే పలుచని స్ప్రూస్ చెక్క పలక ఉంటుంది. గాలిలోని తేమ తాగి ఉబ్బుతుంది, పొడిగాలికి ముడుచుకుంటుంది. దాంతో తీగల బిగువు మారి శ్రుతి తప్పుతుంది. కుదుపుల కన్నా కొత్త గాలే శ్రుతిని ఎక్కువగా చెడగొడుతుంది. హైదరాబాదు నుంచి విశాఖ సముద్రపు గాలికి మారినా ఇంతే.

కాబట్టి పియానో ఉన్నవాళ్లు ఇల్లు మారేటప్పుడు బీరువాలు మోసేవాళ్లకే దాన్నీ అప్పగించకండి. పియానోలు మోయడం తెలిసినవాళ్లనే పిలవండి. కొత్త ఇంట్లో ఎండ, ఏసీ గాలి నేరుగా తగలని గోడ చూసి పెట్టండి. రెండు మూడు వారాలు ఆగి, ఆ తర్వాతే శ్రుతి చేయించండి. ఆలోపు పలికే అపస్వరాలు పియానో తప్పు కాదు. అది కొత్త ఊరి గాలికి అలవాటు పడుతోందంతే.