మాఫీ బాకీ ఎవరి ఖాతాలో పడుతుంది?

అప్పు మాఫీ అంటే అప్పు మాయమైపోవడం కాదు. తీసుకున్నవాడు కట్టకపోతే అతని తరఫున ఇంకెవరైనా కట్టాలి, లేదంటే ఇచ్చినవాడు పోగొట్టుకోవాలి. కర్నూలు, కడప జిల్లాలు ఈ రెండు రకాలనూ చూశాయి.

మొదటిది 1938 నాటిది. అప్పుడు ఈ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. ఆర్థిక మాంద్యంలో పంటల ధరలు కూలాయి. పత్రం మీద రాసిన వంద రూపాయలు వందే, కానీ ఆ వంద తీర్చడానికి రైతు మునుపటికన్నా ఎన్నో బస్తాలు ఎక్కువ అమ్మాలి. రాజాజీ ప్రభుత్వం వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం తెచ్చింది. 1930లో ఒక రైతు వంద రూపాయలు తెచ్చుకున్నాడనుకుందాం. 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ బాకీ మొత్తం రద్దు. అసలూ వడ్డీ కలిపి అప్పటికే రెండు వందలు కట్టి ఉంటే అప్పే తీరినట్టు. ఇక్కడ నష్టం షావుకారుది, ఖజానా నుంచి పైసా పోలేదు. అయితే ఒకసారి దెబ్బతిన్న షావుకారు మళ్ళీ అప్పిచ్చేముందు పొలం పత్రాలు అడగడా?

2008లో కేంద్రం ఇంకో దారి పట్టింది. రైతు బాకీని తానే బ్యాంకులకు కట్టింది. అయిదెకరాల లోపు రైతుకు గడువు మీరిన బాకీ పూర్తిగా మాఫీ. అంతకు మించి భూమి ఉంటే మిగతాది కట్టినవాళ్లకు నాలుగోవంతు తగ్గింపు. కరువు జిల్లాల్లో ఆ తగ్గింపు కనీసం 20 వేలు. వినడానికి బాగానే ఉంది. కానీ ఆలూరు మెట్టలో వానను నమ్ముకున్న ఎనిమిదెకరాల ఆసామి, కాలువ కింద రెండెకరాల వరి పండించేవాడికన్నా కలిగినవాడా? అయిదెకరాల గీత సీమ నేల చూసి గీసింది కాదనే నా అభిప్రాయం.

2014 మాఫీ రాష్ట్రానిది. కుటుంబానికి లక్షన్నర దాకా. 50 వేల లోపు బాకీ ఒకేసారి, ఆపైన అయిదు విడతల్లో. మాఫీ వస్తుందని అప్పు తిరగరాసుకోకుండా ఆగినవాళ్లకు ఈలోగా వడ్డీ పెరిగింది. 2019లో ప్రభుత్వం మారాక చివరి రెండు విడతలు ఆగిపోయాయి. మాట ఇచ్చింది ఒకరు, కట్టవలసింది మరొకరు అయితే జరిగేది ఇదే.

ఆఫ్రికా దేశాల కథా ఇలాగే నడిచింది. 1996లో ప్రపంచ బ్యాంకు, ఐఎంఎఫ్ కలిసి భారీ అప్పులున్న పేద దేశాలకు ఒక పథకం పెట్టాయి. 2005లో గ్లెనీగల్స్‌లో జీ-8 దేశాలు దాన్ని ఇంకా పెంచాయి. తన వంతు ఖర్చుకు ఐఎంఎఫ్ తన దగ్గరున్న బంగారాన్ని ఆసరా చేసుకుంది. మన ఇళ్లలోనూ చివరికి బయటికొచ్చేది అదే కదా! జాంబియా అలా తేలికపడిన దేశం. 2012లో అది అంతర్జాతీయ మార్కెట్లో 75 కోట్ల డాలర్ల బాండ్లు అమ్మింది. చైనా నుంచీ తెచ్చుకుంది. 2020 నవంబరులో వడ్డీ కట్టలేక చేతులెత్తేసింది. పాత అప్పుకు ప్రపంచ బ్యాంకు, ఐఎంఎఫ్, ధనిక దేశాలు ఒక గదిలో కూర్చుంటే సరిపోయింది. ఈసారి అప్పులవాళ్లు ఎందరో, ఒక్క గదిలో పట్టరు. బాండ్లు కొన్నవాళ్లతో లెక్క తేల్చుకోవడానికే 2024 వచ్చింది.

మన ఊళ్లోనూ అప్పులవాళ్లు ఒకరు కారు. బ్యాంకు ఒకటి. నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇచ్చిన షావుకారు ఒకడు. విత్తనాలు, పురుగుమందులు ఖాతాకిచ్చి పంట చేతికొచ్చాక లెక్క తేల్చే అంగడి ఇంకోటి. కౌలు రైతుకైతే పాసుబుక్కే ఉండదు, కాబట్టి చాలామందికి బ్యాంకు గడప ఎక్కే పనే లేదు. పత్తికొండలో టమాటా ధర పడినప్పుడు మొదట ఇంటికొచ్చేది బ్యాంకు నోటీసు కాదు, ఈ షావుకారే.

2008 జాబితాలోగానీ, 2014 జాబితాలోగానీ అతని ప్రోనోటు లేదు.