గురి తప్పిన తుపాకి

ఆడలేనమ్మ మద్దెల ఓడన్నదని మన సామెత. అందులోని ఎత్తిపొడుపు ఆడేవారికే తగులుతున్నది గాని, మద్దెల నిజంగానే పగిలినదై ఉండే సందర్భాలు లేకపోలేదు. లోపం ఆటలో ఉన్నదా, మద్దెలలో ఉన్నదా, వాయించేవాని వేళ్లలో ఉన్నదా అని తేల్చడానికి వాదం చాలదు; పరీక్ష కావాలి. ఆ పరీక్ష ఎట్లా జరగాలో తెలుసుకోవడానికి చవక వెల వేట తుపాకి ఒక మంచి పాఠం.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను, స్వల్పమైన మినహాయింపులతో, నిషేధించినది. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో మాత్రం లేళ్ల వేట నియమిత ఋతువులలో, అనుమతి పత్రాలతో, చట్టబద్ధంగా సాగుతున్నది. అక్కడి రైతులు, కార్మికులు, చిన్న ఉద్యోగులు అనేకులు శరత్కాలంలో మాంసం కోసం అడవికి పోతారు. వారి కోసమే కర్మాగారాలు తక్కువ వెల తుపాకులను తయారుచేస్తున్నవి. అట్టి తుపాకి కొన్నవానికి కొన్నాళ్లకు ఒక సందేహం పుడుతుంది: దీనిని బాగుచేసుకోవడమా, దీనిని విడిచి మేలైనదానిని కొనడమా?

పైకి ఇది డబ్బు ప్రశ్న. కాని దీని వెనుక ఒక ప్రాణి ఉన్నది. లేడి దేహంలో గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు 8 అంగుళాల వలయం. గుండు అక్కడ తగిలితే మరణం శీఘ్రంగా వస్తుంది. ఆ వలయం దాటి పొట్టలోనో, కాలిలోనో తగిలితే ఆ మృగం పారిపోయి, ఏ పొద చాటునో గంటల తరబడి బాధపడి చస్తుంది. వేటగానికి అది దొరకకపోవచ్చును కూడా. గురి తప్పడమన్నది వేటగానికి ఒక నిరాశ, మృగానికి చిత్రవధ.

గురి అనే మాటలో రెండు గుణాలు కలిసి ఉన్నవి. గుండ్లన్నీ ఒకే చోట పడుతూ, ఆ చోటు లక్ష్యానికి ఎడమగా ఉన్నదనుకోండి. తుపాకి మీది దూరదర్శినిలో ఒక మరను కొద్దిగా తిప్పితే ఆ దోషం పోతుంది. గుండ్లు చెల్లాచెదరుగా పడుతున్నప్పుడు మాత్రం ఏ మరను తిప్పినా ప్రయోజనం లేదు. మొదటిది సర్దుబాటు లోపం, రెండవది నిలకడ లోపం. నిలకడను కొలవడానికి అక్కడివారు వాడే కొలత కోణంలో ఒక నిమిషం, అనగా డిగ్రీలో అరవయ్యవ వంతు. మన జ్యోతిషశాస్త్రంలో దానికి కళ అని పేరు. 100 గజాల దూరంలో ఒక కళ అంగుళానికి రవంత ఎక్కువ. 300 గజాలలో మూడంగుళాల పైమాట. గుండ్లన్నిటిని రెండు కళలలో నిలిపే తుపాకి 100 గజాలలో రెండంగుళాల గుంపును, 300 గజాలలో ఆరంగుళాల గుంపును ఇస్తుంది. లేడి మర్మస్థానం 8 అంగుళాలని మరువనివాడు, దగ్గరి వేటకు ఈ సాధారణమైన తుపాకి చాలునని వెంటనే గ్రహిస్తాడు.

ఇక పరీక్ష. సామాన్యంగా వేటగాడు మూడు గుండ్లు కాల్చి, అవి దగ్గరగా పడితే తుపాకిని మెచ్చుకుంటాడు, దూరంగా పడితే నిందిస్తాడు. మూడే ప్రశ్నలతో విద్యార్థి చదువును నిర్ణయించడం ఎటువంటిదో ఇదీ అటువంటిదే. ఒకే తుపాకితో, ఒకే చేతితో కాల్చినా పది గుండ్ల గుంపు, సగటున, మూడు గుండ్ల గుంపు కంటె సుమారు ఒకటిన్నర రెట్లు వెడల్పుగా ఉంటుందని గణితశాస్త్రం చెబుతున్నది. మూడు గుండ్లు దగ్గరగా పడడం చాలసార్లు అదృష్టమే. ఆ అదృష్టాన్ని నమ్మి అడవికి పోయినవాడు నాలుగవ గుండు ఎక్కడ పడుతుందో ఎరుగడు.

పది గుండ్లు కాల్చిన మీదట గుంపు నిజంగానే పెద్దదని తేలితే, తుపాకిని తప్పుపట్టే ముందు చేయవలసిన సోదాలు కొన్ని ఉన్నవి. దూరదర్శినిని పట్టి ఉంచే మరలు వదులైనవేమో చూడాలి. గొట్టాన్ని కర్ర భాగానికి బిగించే మరలను చూడాలి. గొట్టానికీ కర్రకూ మధ్య ఒక కాగితం ముక్కను జొనిపి చివరిదాకా లాగి చూడాలి. గొట్టాన్ని ఏమీ తాకకుండా విడిగా ఉంచిన తుపాకులలో కాగితం ఎక్కడైనా తట్టుకుంటే, తేమకు ఉబ్బిన కర్ర అక్కడ గొట్టాన్ని నెడుతున్నదన్నమాట. గొట్టం లోపలి మెలిక గాడులలో రాగి పేరుకొన్నదేమో చూసి శుభ్రం చేయాలి. సన్నని గొట్టం వరుసగా కాల్చితే త్వరగా వేడెక్కుతుంది; ప్రతి గుండుకూ నడుమ వ్యవధి ఇవ్వాలి. ఆ తరువాత రెండు మూడు రకాల తూటాలను పరీక్షించాలి. ఒక రకాన్ని చెదరగొట్టిన గొట్టమే మరొక రకాన్ని చక్కగా ఒకచోట కూర్చడం అరుదు కాదు. వీటిలో దేనిని మార్చినా ఒక్కొక్కదానినే మార్చి మళ్లీ పరీక్షించాలి. నాలుగింటిని ఒకేసారి మార్చినవానికి ఫలితం దక్కవచ్చును గాని, కారణం దక్కదు.

చివరి సోదా కాల్చే మనిషిదే. మిత్రుడొకడు, కాల్చేవానికి తెలియకుండా, మంచి తూటాల నడుమ మందు లేని ఉత్తుత్తి తూటాను పెడతాడు. మీట నొక్కినప్పుడు చప్పుడు రాదు; కాని తుపాకి మూతి చటుక్కున కిందికి వంగుతుంది. పేలుడుకు ముందే భుజం బెదిరినదన్నమాట. ఈ బెదురును ఏ కొత్త తుపాకీ మాన్పలేదు.

ఈ విషయంలో ఫ్రాంక్లిన్ మాన్ అనే అమెరికా వైద్యుని కృషి స్మరణీయం. గుండు ఎందుకు దారి తప్పుతుందన్న ఒక్క ప్రశ్న కోసం ఆయన ఏండ్ల తరబడి శ్రమించినాడు. మనిషి చేతి వణుకును తొలగించడానికి కాంక్రీటు దిమ్మ మీద గొట్టాన్ని నిలిపి కాల్చినాడు. గుండు దారిలో కాగితపు తెరలు కట్టి, అది ఎక్కడ ఒరుగుతున్నదో చూసినాడు. గుండు ముక్కు చెడినా దారి పెద్దగా మారలేదు. దాని అడుగు భాగం రవంత చెడితే మాత్రం చాల దూరం తొలగినది. అందరూ గొట్టాన్ని అనుమానిస్తున్న చోట ఆయన పరిశోధన గుండు వైపు వేలు చూపినది. ఆ ఫలితాలను 1909లో గ్రంథంగా వెలువరించినాడు.

చవక అన్నది ఎప్పుడూ నాసి కాదనడానికి కూడా చరిత్రలో ఆధారమున్నది. 1958లో సావేజ్ సంస్థ వెలువరించిన 110వ నమూనా తుపాకిలో, గొట్టాన్ని ఒక పెద్ద నట్టుతో బిగించే పద్ధతి పెట్టినారు. తయారీ ఖర్చు తగ్గించడానికి వచ్చిన ఈ ఏర్పాటు కొలతను కచ్చితంగా కుదర్చడాన్ని సులభం చేసినది. తరువాతి కాలంలో గొట్టం మార్చుకొనదలచినవారికి వరమైనది. వ్యాజ్యాల భయంతో చాల తుపాకుల మీటలను బిగువుగా ఉంచుతున్న కాలంలో, ఈ శతాబ్ది ఆరంభాన, అదే సంస్థ యజమాని తానే బిగువు తగ్గించుకోదగిన మీటను సామాన్యుని తుపాకిలో అమర్చినది. ఏడు పౌనుల తుపాకిని నిశ్చలంగా పట్టుకొని, ఆరు పౌనుల బలంతో మీట లాగడం ఎంత కష్టమో ఊహిస్తే ఆ మార్పు విలువ తెలుస్తుంది. అయినను మీటను, గొట్టాన్ని మార్చే పని తెలిసినవాని చేతనే చేయించాలి. తేలికైన మీట కిందపడిన తుపాకిని పేల్చరాదు గదా!

మరి కొత్తది కొనవలసినది ఎప్పుడు? గొట్టం లోపల తుప్పు తిని గుంటలు పడినప్పుడు. విడి భాగాలు దొరకనప్పుడు. కొత్త మీటకు, కొత్త దస్తాకు, కొత్త గొట్టానికి కలిపి పెట్టే సొమ్ము మంచి తుపాకి వెలను మించినప్పుడు. ఇతర సందర్భాలలో ఆ సొమ్మును తూటాలకు, అభ్యాసానికి వెచ్చించడమే మేలు.

బల్ల మీద ఆనించి కాల్చినది తుపాకి పరీక్ష మాత్రమే. కూర్చుని, మోకరిల్లి, తన చేతులతో పది గుండ్లను 8 అంగుళాల వలయంలో ఎంత దూరం వరకు నిలపగలడో, వేటగాని హద్దు అంతవరకే. ఆ హద్దుకు అవతల నిలిచిన లేడిని చూచి, తుపాకి దించుకోవడం కూడా గురిలో భాగమే.