ట్రైనింగ్ రిపోర్టులో లేని పేజీ

ఈ-పోర్ట్‌ఫోలియో అంటే విద్యార్థి తన చదువుకాలంలో చేసిన పనుల్లోంచి కొన్నింటిని ఏరి, ఒక్కోదాని పక్కన తన ఆలోచన రాసి, వెబ్ పేజీలుగా అమర్చుకునే సంచయం. సర్టిఫికెట్లు దాచుకోవడానికి 2015 నుంచి డిజిలాకర్ ఉంది. ఉద్యోగానికి పంపడానికి రెజ్యూమె ఉంది. చేతిలో ఏమున్నాయో ఆ రెండూ చెబుతాయి. ఎక్కడ తడబడ్డారు, ఎందుకు తడబడ్డారు, ఆ తర్వాత పద్ధతి ఎలా మార్చుకున్నారు అన్నవి పోర్ట్‌ఫోలియోలోనే కనిపించాలి. ఇంగ్లిషువాళ్లు రిఫ్లెక్షన్ అనే ఈ పనికి తెలుగులో మననం అనే పాతమాట చక్కగా అతుకుతుంది. శ్రవణం తర్వాతి మెట్టు మననమని, వినడంతోనే పని అయిపోదని మన పెద్దలు ఎప్పుడో అన్నారు.

పడమటి దేశాల్లో ఈ ఆలోచనకు మూలం అమెరికన్ తత్వవేత్త జాన్ డ్యూయీ. ఆయన 1933లో చెప్పినదాన్ని డొనాల్డ్ షాన్ 1983లో ఇంజనీర్లు, ఆర్కిటెక్టుల వంటి వృత్తులకు వర్తింపజేశాడు. 1984లో డేవిడ్ కోల్బ్ అనుభవం నుంచి నేర్చుకోవడాన్ని ఒక చక్రంగా గీశాడు. 1988లో గ్రాహం గిబ్స్ దాన్ని ఆరు మెట్లుగా విడగొట్టాడు: జరిగింది చెప్పడం, అప్పుడేమనిపించిందో చెప్పడం, మంచిచెడ్డలు, కారణాలు, తేలిన విషయం, ఇకమీదట చేసేది. నర్సింగ్, టీచర్ ట్రైనింగ్ కాలేజీల్లో ఈ ఆరు మెట్ల పద్ధతి బాగా నాటుకుపోయింది. కొత్తగా రాసేవాళ్లకు ఇది ఊతకర్రలాంటిది. నడక వచ్చాక కూడా వదలకపోతే ప్రతి పేజీ ఒకే అచ్చులో పోసినట్టు తయారవుతుంది.

మన దేశానికి ఇది మరీ కొత్తేమీ కాదు. 2015లో రెండేళ్లకు పెంచిన బీఎడ్ కోర్సులో ‘చదివినదానిపై మననం’ ఒక భాగం. 2019 నుంచి ఎంబీబీఎస్ విద్యార్థులు లాగ్‌బుక్‌లో తమ అనుభవాలపై రాస్తున్నారు. ఇంజనీరింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే ఎన్‌బీఏ చెప్పిన ఫలితాల్లో జీవితాంతం నేర్చుకునే సామర్థ్యం ఒకటి. దాన్ని పరీక్ష పేపరుతో కొలవడం కష్టం. పోర్ట్‌ఫోలియో అవసరం అక్కడే పడుతుంది.

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయిని ఉదాహరణగా తీసుకుంటే సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలు, స్వామి వివేకానంద సాంకేతిక విశ్వవిద్యాలయం, 2016లో మొదలై ఇప్పుడు కుటేలాభాఠాలో ఉన్న ఐఐటీ. వీటి మధ్యలో ఉక్కు కర్మాగారం. సెలవుల్లో కర్మాగారంలో కొన్ని వారాల వొకేషనల్ ట్రైనింగ్ చేయడం, రిపోర్టు రాసి ఊళ్లోని సుపేలా ప్రాంతపు జెరాక్స్ షాపులాంటి చోట స్పైరల్ బైండింగ్ చేయించి కాలేజీలో ఇవ్వడం ఇక్కడి విద్యార్థులకు అలవాటైన పని. ఇలాంటి రిపోర్టులో సాధారణంగా ఏముంటుంది? 1955 నాటి సోవియట్ ఒప్పందం, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించిన మొదటి బ్లాస్ట్ ఫర్నేసు, కోక్ ఓవెన్ల నుంచి పట్టాల మిల్లు దాకా ఒక ఫ్లో చార్టు. అట్టమీద పేరు, రోల్ నంబరు మారిస్తే అది ఎవరి రిపోర్టైనా అవుతుంది. రాసినవాడు మిల్లులో అడుగుపెట్టాడో లేదో కూడా చెప్పలేం.

అదే ట్రైనింగ్ పోర్ట్‌ఫోలియోలోకి ఎక్కితే ఎలా ఉండాలి? యూనివర్సల్ రైల్ మిల్లులో 130 మీటర్ల పొడవున ఒకే ముక్కగా పట్టాలు తీస్తారు. వాటిలో రెండింటిని అతికి 260 మీటర్ల ప్యానెల్‌గా రైల్వేకు పంపుతారు. ఆ కొలతలు ఎవరైనా రాస్తారు. ఒక మెకానికల్ విద్యార్థి ఇలా రాశాడనుకుందాం: ‘కూలింగ్ బెడ్ మీద పట్టా వంకరగా కనిపించింది. రోలింగ్‌లో లోపమేమో అనుకున్నాను. మిగతావాళ్లకు తెలిసినట్టుంది, అడిగితే నవ్వుతారని ఊరుకున్నాను. తర్వాత స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ క్లాసులో ఉష్ణ ప్రతిబలాల లెక్క చేస్తుంటే తట్టింది. పట్టా తల మందం, అడుగు పలచన. రెండూ ఒకే వేగంతో చల్లారవు, ఒకే సమయంలో కుంచించుకోవు, అందుకే వంగుతుంది. తిన్నగా చేసే మెషీన్ తర్వాత ఎందుకుందో అప్పుడు అర్థమైంది. మరుసటి ట్రైనింగ్‌లో రోజుకు రెండు ప్రశ్నలైనా అడగాలని నోట్‌బుక్‌లో రాసుకున్నాను.’ పక్కనే ఆ లెక్క చేసిన కాగితం ఫొటో, ఆ మాట రాసుకున్న నోట్‌బుక్ పేజీ. ఇంత చాలు. క్లాసు, మిల్లు, తన బిడియం మూడూ ఇందులో ఒకచోట కలిశాయి. దీన్ని ఇంకొకరి పేరుతో ఇవ్వడం కుదరదు.

మననంలో పనికిరాని వాక్యాలు దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటాయి. ‘ఈ ట్రైనింగ్ ద్వారా ఎంతో నేర్చుకున్నాను’, ‘టీమ్‌వర్క్ విలువ తెలిసింది’. ఏఐ సాయంతో రాయించుకున్న పేజీల్లోనూ సరిగ్గా ఈ మాటలే ఇంకాస్త నున్నగా వస్తాయి. ఎప్పుడు, ఎక్కడ, ఏ యంత్రం దగ్గర, ఎవరేమన్నారు అని అడిగితే ఆ వాక్యాల దగ్గర జవాబుండదు.

భాష సంగతి వేరే చెప్పుకోవాలి. భిలాయిలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి కర్మాగారం పనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ ఇళ్ల పిల్లలు ఇంట్లో తెలుగు, బజార్లో హిందీ మాట్లాడి, కాలేజీలో ఇంగ్లిషు రాస్తారు. ఆలోచన ఏ భాషలో వస్తే మొదటి చిత్తు ఆ భాషలోనే రాసుకోవడం మంచిది. తెలుగులో ఫోన్‌లో రికార్డు చేసుకుని తర్వాత ఇంగ్లిషులో పెట్టుకున్నా తప్పులేదు. నేరుగా ఇంగ్లిషులో మొదలుపెడితే తెలిసిన మాటల చుట్టూనే ఆలోచన తిరుగుతుంది, బిడియంలాంటి సంగతి అందులోకి రాకుండానే పోతుంది.

ఏది చూపాలన్నది తేలాక, ఏది చూపకూడదో కూడా తేల్చుకోవాలి. కర్మాగారం కాపలా సీఐఎస్‌ఎఫ్ చేతిలో ఉంటుంది. అనుమతి లేకుండా లోపల తీసిన ఫొటో పోర్ట్‌ఫోలియోలో పెడితే చిక్కులు తప్పవు, చేత్తో గీసిన బొమ్మ అంతకంటే నయం. తోటి విద్యార్థుల ముఖాలు, వైద్యం, నర్సింగ్ చదివేవాళ్లైతే రోగుల వివరాలు, బీఎడ్ వాళ్లైతే స్కూలు పిల్లల పేర్లు అసలే కూడదు. చూసేవాళ్లను బట్టి పేజీ కూడా మారాలి. గైడ్‌కు తప్పుల పేజీ కావాలి, ఇంటర్వ్యూ చేసేవారికి తుది ఫలితం ముందు కనిపించాలి.

వేదిక గురించి అంత తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. గూగుల్ సైట్స్ ఉచితం. కోడ్ రాసేవాళ్లకు గిట్‌హబ్ పేజెస్ సరిపోతుంది. విద్యాసంస్థల కోసం తయారైన మహారా 2006లో న్యూజీలాండ్‌లో మొదలైంది. ఆ పేరుకు మావోరీ భాషలో ఆలోచన అని అర్థం. అందులో ఒక్కో పేజీ ఎవరికి కనిపించాలో విడివిడిగా నిర్ణయించుకోవచ్చు. కాలేజీ ఈమెయిల్ మీద కట్టిన సైటు ఆ ఖాతా మూస్తే పోవచ్చు కాబట్టి, ఆఖరి సెమిస్టర్‌లోనే గూగుల్ టేకౌట్ ద్వారా కాపీ దించుకుని, సొంత ఖాతాలో సైటును మళ్లీ కట్టుకోవాలి. అలా మార్చేటప్పుడు మొదటి ఏడాది రాసినవి పేలవంగా ఉన్నాయని చెరిపెయ్యబుద్ధి వేస్తుంది. వాటిని అలాగే ఉంచి, కింద కొత్త తేదీ వేసి, ఇప్పుడేమనుకుంటున్నారో రెండు వాక్యాలు చేర్చాలి.