తాండూరు నాపరాయి వ్యర్థాలకు సిమెంటులో చోటు

వికారాబాద్ జిల్లా తాండూరు నాపరాయి సహజంగా పొరలుగా ఏర్పడిన సున్నపురాయి. ఇటుక వలె దీనిని బట్టీలో కాల్చనవసరం లేదు. పొరను విడదీసి, కోసి, నునుపు చేస్తే చాలును. అయితే ఈ పనిలో మిగిలే రాతిపొడి బురద ఎండి, దుమ్ముగా లేచి పరిసరాలను కమ్మివేస్తుంది.

కాల్చిన బంకమట్టి, సున్నపురాయి కలిపిన సిమెంటుకు బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ 2023లో ఐ.ఎస్. 18189 ప్రమాణాన్ని నిర్దేశించింది. ఈ తరహా సిమెంటులో సాధారణంగా క్లింకరు 50, కాల్చిన బంకమట్టి 30, సున్నపురాయి 15, జిప్సం 5 శాతం ఉంటాయి. ఇందులోని సున్నపురాయిని కాల్చకుండా పొడిగానే కలుపుతారు. క్లింకరు వాడకం తగ్గినందున కర్బన ఉద్గారాలు సుమారు 40 శాతం వరకు తగ్గగలవు.

తాండూరు పరిసరాలలో సిమెంటు కర్మాగారాలు ఉన్నందున, నాణ్యతా పరీక్షలలో నెగ్గిన రాతిపొడిని దూర రవాణా భారం లేకుండా వినియోగించుకొనే వీలున్నది.