సబ్బు బిళ్ల, చింతపండు, ఒక లెక్క

ధర వేరు, విలువ వేరు అని లెక్కల మేష్టారు చెప్పినప్పుడు చాలామందికి అది పాఠంలోని మాటలాగే అనిపించింది. నేను మాత్రం మన కాస్మెటిక్ డబ్బులతో ఆ లెక్క చేసి చూశాను.

మన హాస్టల్ ఎదురుగా ఉన్న కొట్లో ఒకే రకం సబ్బు రెండు సైజుల్లో ఉంది. చిన్నది 45 గ్రాములు, 10 రూపాయలు. పెద్దది 125 గ్రాములు, 30 రూపాయలు. పెద్దది కొంటే చవక అని అందరం అనుకుంటాం. గ్రాములతో భాగించండి. చిన్నది గ్రాముకు 22 పైసలు, పెద్దది 24 పైసలు. చిన్నదే చవక! గ్రాముకు ఎంతో ప్యాకెట్ మీదే వేయాలనే నియమం 2024 జనవరి నుంచి ఉంది. ఎం.ఆర్.పి. దగ్గర చిన్న అక్షరాల్లో వెతకండి.

అయితే మనం సబ్బు కొనేది గ్రాముల కోసం కాదు, స్నానాల కోసం. చిన్న సబ్బు నాకు 8 రోజులే వచ్చింది, చివరి ముక్క నీళ్లలో నానిపోయింది. పెద్దది 27 రోజులు వచ్చింది. రోజుకు చూస్తే చిన్నది 1 రూపాయి 25 పైసలు, పెద్దది 1 రూపాయి 11 పైసలు. ఇప్పుడు పెద్దదే చవక. దేనితో భాగిస్తామో దాన్నిబట్టి జవాబు మారిపోతోంది. (పెద్ద సబ్బు ఉందని తెలిస్తే "ఒక్కసారి ఇవ్వరా" అనేవాళ్లు ఎక్కువ. వాళ్లని ఈ లెక్కలో వేయలేదు.)

కొనేటప్పుడు ఇంత చూసే మనం అమ్మేటప్పుడు చూసుకోం. సంతలో కొందరు వ్యాపారులు కుంచంతోనో డబ్బాతోనో గోపురంలా పోయించుకుని కొలుచుకుంటారు. ఆ పైన ఉన్న కుప్పకి డబ్బుల్లేవు. ముందే అప్పిచ్చి, సరుకు చేతికి రాగానే తాము చెప్పిన రేటుకే పట్టుకుపోయేవాళ్లు కూడా ఉండేవారు. ఈ బాధ తప్పించడానికే 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ, అంటే మన జి.సి.సి., పెట్టారు. అక్కడ కిలోల లెక్క, ముందే ప్రకటించిన ధర.

చింతపండుకి పిక్కతో ఒక ధర, పిక్క తీస్తే ఇంకో ధర. ధరలు మారుతుంటాయి గనక లెక్క కోసం కిలో 30, 60 రూపాయలు అనుకుందాం. రెట్టింపు కదా, పిక్క తీసే అమ్మాలి అంటారు. కానీ పెంకు తీసిన చింతపండు బరువులో మూడో వంతుకు పైగా పిక్కే. 10 కిలోలు కొట్టి పిక్క తీస్తే మిగిలేది సుమారు 6 కిలోలు. పిక్కతో అమ్మితే 300, తీసి అమ్మితే 360. ఎక్కువ వచ్చింది 60 రూపాయలే. ఇంటి పనుల మధ్య మా అమ్మకి దానికి రెండు రోజులు పడుతుంది. అంటే రోజుకు 30 రూపాయల కూలి! బయట కూలి పని దొరికే రోజుల్లో ఇది నష్టం. పని దొరకని రోజుల్లో లాభమే. అమ్మ రెండు రోజులకి సంతలో ఎవరూ వెల కట్టరు. ఇంట్లో మనం కూడా కట్టం.

పిక్కలు కూడా విడిగా అమ్ముడుపోతాయి, ఆ డబ్బు పై 60కి కలపాలి. సెలవుల్లో ఈ లెక్కంతా అమ్మకి చెప్పాను. డిపోలో పిక్కల రేటు కనుక్కుని రమ్మంది. అందాకా చింతపండు కొట్టకుండా బుట్టలోనే ఉంచింది.