ఇంట్లో పాట రికార్డింగ్: మైక్ కొనే ముందు మీ గదిని ఒకసారి వినండి

గోదావరి జిల్లాల్లో పాడేవాళ్లకి కొదవ లేదు. భజన పాటలు, చర్చి పాటలు, కరోకే ట్రాక్ మీద సినిమా పాటలు, ఇప్పుడు అన్నీ ఇంట్లోనే రికార్డ్ చేసి యూట్యూబ్‌లో పెట్టేస్తున్నారు. మండపేట నుంచి రాజమండ్రి వెళ్లి స్టూడియోకి గంటల లెక్కన కట్టే బదులు, ఆ డబ్బుతో ఒక మంచి మైక్ కొనుక్కుంటే సరిపోతుంది కదా అనుకోవడం సహజం. లెక్క బాగానే ఉంది. కాకపోతే చాలామంది బడ్జెట్ మొత్తం మైక్ మీద పెట్టేసి, పాడే గది సంగతి మర్చిపోతారు.

మన ఇళ్లు ఎలా ఉంటాయో తెలుసుగా. పైన శ్లాబు, నున్నటి గోడలు, కింద గ్రానైటో టైల్సో. శబ్దాన్ని పీల్చుకునే వస్తువు ఒక్కటీ ఉండదు. హాల్లో నిలబడి చప్పట్లు కొట్టి ఫోన్‌లో రికార్డ్ చేయండి. అదే పని పరుపులు, దుప్పట్లు, బట్టల బీరువా ఉన్న గదిలోనూ చేయండి. రెండూ ఇయర్‌ఫోన్స్‌లో వింటే తేడా మీకే తెలుస్తుంది. హాల్లో వినిపించే ఆ "టంగ్" మని మోగే తోక మీ పాటలో ప్రతి పదానికీ అంటుకుంటుంది. తర్వాత ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ అది పూర్తిగా పోదు.

కండెన్సరా? డైనమిక్కా?

స్టూడియో అనగానే అందరికీ గుర్తొచ్చేది కండెన్సర్ మైక్. ఆడియో టెక్నికా ఏటీ2020 దీనికి మంచి ఉదాహరణ. గొంతులోని సన్నని గమకాలు, ఊపిరి తీసుకునే చప్పుడు కూడా స్పష్టంగా పడతాయి. దీనికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలి, అంటే ఆడియో ఇంటర్‌ఫేస్ కూడా కొనాలి. డైనమిక్ మైక్‌ అంటే షూర్ ఎస్ఎం58 లాంటిది. 1966 నుంచి మార్కెట్‌లో ఉంది, స్టేజీల మీద మీరు లెక్కలేనన్నిసార్లు చూసే ఉంటారు. దీనికి ఫాంటమ్ పవర్ అక్కర్లేదు.

"డైనమిక్ మైక్ గది శబ్దాన్ని తీసుకోదు" అని రివ్యూల్లో తరచూ వింటాం. అది సగమే నిజం. డైనమిక్ మైక్‌లో అలాంటి మంత్రమేమీ లేదు. నోటికి బాగా దగ్గరగా పెట్టుకుని పాడతాం, గుట్టంతా అక్కడే ఉంది. నోటికీ మైక్‌కీ మధ్య దూరం సగం చేస్తే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గది ప్రతిధ్వని మాత్రం అంతే ఉంటుంది. 20 సెంటీమీటర్ల నుంచి 5కి వస్తే 12 డెసిబెల్స్ లాభం. కండెన్సర్‌ని అంత దగ్గర పెడితే "ప", "ఫ", "భ" అన్నప్పుడల్లా గాలి గుద్దుకుని డబ్‌డబ్ మంటుంది. తెలుగులో ఒత్తక్షరాలకు లోటా ఏమిటి! ఏ మైక్ కొన్నా పాప్ ఫిల్టర్ తప్పనిసరి. మైక్‌ని నోటికి సూటిగా కాకుండా కొంచెం పక్కకి పెట్టినా గాలి దెబ్బ తగ్గుతుంది.

గది బాగుంటే కండెన్సర్, గది బాగోకపోతే డైనమిక్. మండపేటలో మామూలు ఇంటికి నా ఓటు డైనమిక్‌కే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి శాంసన్ క్యూ2యూ లాంటి మైక్ ఇంకా తేలిక. యూఎస్‌బీ, ఎక్స్ఎల్ఆర్ రెండూ ఉంటాయి, ఇవాళ లాప్‌టాప్‌కి నేరుగా పెట్టుకుని, రేపు ఇంటర్‌ఫేస్ కొన్నాక దానికి తగిలించుకోవచ్చు.

ఖరీదైన రెండు పేర్లు

షూర్ ఎస్ఎం7బీ ప్రతి పాడ్‌కాస్ట్‌లో కనిపిస్తుంది. మైకేల్ జాక్సన్ "థ్రిల్లర్" ఆల్బమ్‌కి వాడింది దీని పాత మోడల్ ఎస్ఎం7నే. అయితే దీని సిగ్నల్ చాలా చిన్నది, కనీసం 60 డెసిబెల్స్ గెయిన్ కావాలని కంపెనీయే చెబుతోంది. చవక ఇంటర్‌ఫేస్‌తో పెడితే పాట కంటే "హిస్స్" ఎక్కువ వినిపిస్తుంది.

రోడ్ ఎన్‌టీ1 ఐదో తరం మైక్‌లో సొంత నాయిస్ 4 డెసిబెల్స్ మాత్రమే, ఏటీ2020లో అది 20. కాగితం మీద పెద్ద తేడానే. కానీ అర్ధరాత్రి ప్రశాంతంగా ఉన్న పడగ్గదిలో కూడా 30 డెసిబెల్స్ దాకా చప్పుడు ఉంటుంది. ఇక పగలు సంగతి చెప్పక్కర్లేదు, రైస్ మిల్లు, రోడ్డు మీద ట్రాక్టర్, గుడి మైకు, కాకులు. ఆ 4 డెసిబెల్స్ నిశ్శబ్దానికి డబ్బు కట్టి వాడుకునే అవకాశమే మనకి లేదు.

ఇక వెయ్యి, రెండు వేలకి దొరికే బీఎమ్-800 రకం సెట్లు. స్టాండు, పాప్ ఫిల్టర్ అన్నీ ఇస్తారు కాబట్టి ముచ్చటగా ఉంటుంది. ఆ డబ్బుకి మీ ఫోన్‌నే స్టాండ్‌కి బిగించి, పరుపుల గదిలో పాడటం నయం అంటాను. 2018లో తూర్పు గోదావరి వడిసలేరుకి చెందిన పసల బేబి "ప్రేమికుడు" సినిమాలోని "ఓ చెలియా" పాడిన వీడియో గుర్తుందా? ఫోన్‌తో తీసిన మామూలు వీడియో. ఏఆర్ రెహమాన్ కూడా దాన్ని షేర్ చేశారు. ఆ గొంతుని ఫోన్ మైక్ దాచలేకపోయింది.

పెట్టే పద్ధతి

ఈ మైక్‌లలో ఎక్కువ భాగం కార్డియాయిడ్ రకం, అంటే ముందు వైపు బాగా వింటాయి, వెనక వైపు తక్కువ వింటాయి. అందుకే మైక్ వీపు కిటికీ వైపు, మీ వీపు బట్టల బీరువా తలుపులు తీసి ఉన్న వైపు పెట్టుకోండి. మీ వెనకున్న గోడ నుంచి వచ్చే ప్రతిధ్వనే మైక్ ముఖం మీద పడుతుంది మరి. వెనక బూరుగు దూది పరుపు నిలబెట్టినా పని జరుగుతుంది. ఏటీ2020, ఎన్‌టీ1 లాంటివాటికి పై కొనలో కాదు, పక్క నుంచి పాడాలి, ఏటీ2020కైతే లోగో ఉన్న వైపే ముఖం. ఫ్యాన్ ఆపాల్సిందే. మే నెలలో అది శిక్షే, కాబట్టి ఒక్కో చరణం రికార్డ్ చేసి మధ్యలో ఫ్యాన్ వేసుకోండి.

రికార్డింగ్‌లో సన్నగా "మ్‌మ్" అని మోత వస్తుంటే మైక్‌ని తిట్టకండి. లాప్‌టాప్ ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద ఒకసారి చూడండి. చాలాసార్లు అది 50 హెర్ట్జ్ కరెంటు మోత, ఎర్తింగ్ సరిగా లేని ఇళ్లలో ఇంకా ఎక్కువ. మిల్లు, లారీల గుర్రుకి సాఫ్ట్‌వేర్‌లో 80 హెర్ట్జ్ దగ్గర లో కట్ పెడితే చాలావరకు పోతుంది. విన్నప్పుడు బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ వద్దు, పాట ఆలస్యంగా చెవిలో పడి తాళం తప్పిస్తుంది.

కండెన్సరే కొంటానంటే ఇంకొక్క మాట. మన డెల్టా గాలిలో చెమ్మ ఎక్కువ, వానాకాలంలో మైక్ చిటపటలాడటం మొదలుపెట్టొచ్చు. వాడనప్పుడు సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టండి. ఆన్‌లైన్‌లో కొంటే రిటర్న్ గడువు అయిపోయేలోపే, పైన చెప్పిన చప్పట్ల టెస్ట్‌లో బాగా వచ్చిన గదిలో ఒక పల్లవి పూర్తిగా పాడి, దాన్ని ఫోన్ రికార్డింగ్ పక్కన పెట్టి వినండి.