మడిలో మొలిచిన తర్కం

మందు వేసుకున్న మర్నాడు జ్వరం తగ్గితే తగ్గించింది మందేనని, కొత్త ఎరువు చల్లిన ఏడాది దిగుబడి పెరిగితే పెంచింది ఎరువేనని మనిషి మనసు వెంటనే ముడివేస్తుంది. ఒకదాని వెంట మరొకటి జరిగినంత మాత్రాన మొదటిది కారణం, రెండోది దాని ఫలితం అయిపోవని భారతీయ తార్కికులు ఏనాడో గుర్తించి, కాకి వాలిన క్షణంలోనే తాటిపండు రాలడాన్ని ఉదాహరణగా చూపి కాకతాళీయ న్యాయమన్నారు. అయితే పండు కాకి బరువుకు రాలిందా, ముగ్గి తనంతట తానే రాలిందా అన్నది తేల్చే పద్ధతి కుదురుకోవడానికి చాలా శతాబ్దాలు పట్టింది. ఆ పద్ధతిలో అధికభాగం బ్రిటన్‌కు చెందిన ఒక యుద్ధనౌక మీద, ఒక గోధుమ పొలంలో, కొన్ని క్షయ ఆసుపత్రుల్లో రూపుదిద్దుకుంది. దాని గణితానికి ఒక కీలకమైన అధ్యాయాన్ని జోడించినవారు తెలుగువారు.

శాస్త్రీయ పద్ధతి అనగానే పాఠ్యపుస్తకాల్లో పరిశీలన, పరికల్పన, ప్రయోగం, నిర్ధారణ అనే మెట్లు వరసగా కనిపిస్తాయి. పరికల్పన అంటే పరీక్షకు నిలబడకపోతే వదులుకోవడానికి సిద్ధపడి చేసే ఊహ. ప్రయోగం అంటే ఆ ఊహ తప్పయితే తప్పని బయటపడేలా పరిస్థితులను మనమే అమర్చడం. ఈ అమరికనే ప్రయోగ రచన అంటారు. ఫలితం నమ్మదగినదా కాదా అన్నది చాలావరకు కొలతలు మొదలుకాక ముందే, ఈ రచన దగ్గరే తేలిపోతుంది.

ఓడ మీద పన్నెండుగురు

స్కాట్లండ్‌కు చెందిన నౌకాదళ వైద్యుడు జేమ్స్ లిండ్ 1747 మే నెలలో సాలిస్‌బరీ అనే యుద్ధనౌక మీద చేసిన పరీక్ష ఈ చరిత్రలో తరచుగా మొదట వినిపిస్తుంది. చిగుళ్లు కుళ్లి, కాళ్లు బలహీనపడి నావికులను బలితీసుకునే స్కర్వీ వ్యాధి సోకిన పన్నెండుగురిని, రోగలక్షణాలు సాధ్యమైనంత ఒకేలా ఉన్నవారిని ఎంచి, అందరినీ ఒకేచోట ఉంచి, ఒకే ఆహారం పెట్టి, ఇద్దరిద్దరు చొప్పున ఆరు జతలుగా విడదీసి, ఒక్కో జతకు ఒక్కో చికిత్స ఇచ్చారు. యాపిల్ పళ్ల మద్యం, పలచని ఆమ్లం, వినెగర్, సముద్రపు నీరు, మూలికల ముద్ద పుచ్చుకున్నవారి కంటే నారింజలు, నిమ్మపండు తిన్న జత స్పష్టంగా, వేగంగా కోలుకుంది. తక్కిన పరిస్థితులన్నీ సమానంగా ఉంచి ఒక్కదాన్నే మార్చి చూడడం, ఆ మార్పు పొందినవారిని పొందనివారితో పోల్చడం ఇందులోని గొప్ప మెరుగు. కానీ జతకు ఇద్దరే ఉండడం, ఎవరికి ఏది ఇవ్వాలో వైద్యుడే నిర్ణయించడం ఇందులోని లోపాలు. పైగా లిండ్ స్వయంగా సిఫారసు చేసిన, పళ్లరసాన్ని వేడిచేసి చిక్కబరచిన పానకంలో రోగాన్ని నయంచేసే గుణమే చాలావరకు నశించేది. బ్రిటిష్ నౌకాదళం నిమ్మరసాన్ని నిత్య ఆహారంలో చేర్చడానికి 1795 దాకా పట్టింది.

రోథమ్‌స్టెడ్ పొలాలు

ప్రయోగ రచన ఒక శాస్త్రంగా ఎదిగింది మాత్రం వ్యవసాయ క్షేత్రంలో. ఇంగ్లండ్‌లోని హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో, హార్పెండెన్ దగ్గర ఉన్న రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రాన్ని 1843లో జాన్ బెనెట్ లాస్ అనే భూస్వామి, ఎరువుల తయారీదారు తన సొంత భూమిలో ప్రారంభించారు. అక్కడి బ్రాడ్‌బాక్ అనే పొలంలో అదే ఏడాది మొదలైన గోధుమ ప్రయోగం నేటికీ సాగుతోంది. అప్పటినుంచి ఏ ఎరువూ ఎరగని పట్టీ ఒకటి ఇప్పటికీ అందులో ఉంది. ఇన్ని దశాబ్దాల దిగుబడి లెక్కలను విశ్లేషించే పనికి 1919లో రోనాల్డ్ ఫిషర్ అనే యువ గణితవేత్త చేరారు.

ఆ లెక్కలతో కొన్నేళ్లు గడిపిన ఫిషర్‌కు, ఎంత సమాచారం పోగుపడినా దానిని సేకరించిన తీరులోనే లోపముంటే తరువాత ఏ గణితమూ దానిని సరిదిద్దలేదన్న సంగతి స్పష్టమైంది. పొలం ఎరిగిన ఏ రైతుకైనా తెలిసినట్లు, పక్కపక్క మడులు కూడా సారంలో ఒకేలా ఉండవు. ఒక మూల చౌడు ఉంటుంది, ఒకచోట నీరు నిలుస్తుంది, ఒక గట్టు పక్కన చెట్టు నీడ పడుతుంది. ఎరువు వేసిన మడిలో రెండు బస్తాలు ఎక్కువ పండితే ఆ ఎక్కువ ఎరువుదా, నేలదా అన్నది ఒక్క మడిని చూసి చెప్పడం అసాధ్యం. అందుకే ఫిషర్ ఒక్కో ఎరువును అనేక మడులలో వేయమన్నారు. దీనికి పునరావృతి అని పేరు. ఒకే ఎరువు వేసిన మడుల మధ్య కూడా దిగుబడి ఎంత అటూఇటూ అవుతుందో దీనివల్ల తెలుస్తుంది గనుక, ఎరువుల మధ్య కనిపించే తేడా అంతకు మించినదా కాదా అని తూచడానికి ఒక కొలబద్ద దొరుకుతుంది. రెండవది, పొలాన్ని సారంలో దాదాపు ఒకేలా ఉన్న ఖండాలుగా విడదీసి, పోల్చదలచిన ఎరువులన్నింటికీ ప్రతి ఖండంలోనూ చోటివ్వడం. ఇది స్థానిక నియంత్రణ. పొలం రెండు దిక్కులా వాలుగా ఉంటే ప్రతి ఎరువూ ప్రతి అడ్డువరసలోనూ ప్రతి నిలువువరసలోనూ ఒక్కొక్కసారే వచ్చేలా అమర్చే లాటిన్ చదరం ఈ నియంత్రణకే మరింత పదునైన రూపం.

మూడవది అన్నింటికంటే విప్లవాత్మకమైనది. ఖండంలో ఏ మడికి ఏ ఎరువు అన్నది పరిశోధకుడు ఎంచకూడదని, చీటీలు తీసి లేదా యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక చూసి నిర్ణయించాలని ఫిషర్ పట్టుబట్టారు. దీనినే యాదృచ్ఛికీకరణ అంటారు. అత్యంత జాగ్రత్తగా చేయవలసిన పనిలో లాటరీకి చోటేమిటని అప్పట్లో చాలామంది విస్తుపోయారు. తెలిసిన తేడాలను మనిషి సరిచూడగలడు గాని, తెలియని తేడాలను సరిచూడడం అతనికి సాధ్యం కాదు. పైగా తనకు తెలియకుండానే మంచి మడిని తనకు నచ్చిన ఎరువుకు కట్టబెడతాడు. చీటీకి ఇష్టాయిష్టాలు లేవు. అది తెలియని తేడాలను కూడా ఏ పక్షానికీ కొమ్ముకాయకుండా పంచుతుంది, అంతేగాక ఎరువుకు ఏ ప్రభావమూ లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా రావడానికి సంభావ్యత ఎంతో లెక్కకట్టే హక్కును ఇస్తుంది. 'స్టూడెంట్' అనే కలంపేరుతో ప్రసిద్ధులైన, గిన్నెస్ బీరు కంపెనీ గణాంకవేత్త విలియం గాసెట్ దీనితో ఏకీభవించలేదు. ఆలోచించి సమతూకంగా అమర్చిన మడులే మరింత కచ్చితమైన ఫలితమిస్తాయని ఆయన 1937లో మరణించేదాకా వాదించారు. గాసెట్ వాదనలో పస లేకపోలేదు, ఎందుకంటే చీటీ అప్పుడప్పుడు వికారమైన అమరికలనూ ఇస్తుంది. కానీ ఫలితంలో ఎంత పొరపాటు దాగివుందో నిజాయితీగా చెప్పగల మార్గాన్ని చూపింది ఫిషరే, కాలం తీర్పు ఆయనవైపే మొగ్గింది.

ఈ తర్కాన్నంతటినీ ఫిషర్ 1935లో వెలువరించిన 'ది డిజైన్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంట్స్' అనే పుస్తకంలో ఒక టీ కప్పులో చూపించారు. కప్పులో ముందు పాలు పోశారో, ముందు టీ పోశారో రుచిని బట్టి చెప్పగలనన్న ఒక మహిళ మాటను పరీక్షించడమెలా అన్నది అందులోని ప్రశ్న. రోథమ్‌స్టెడ్‌లో ఆయనతోపాటు పనిచేసిన, నాచుమొక్కల శాస్త్రజ్ఞురాలు మ్యూరియల్ బ్రిస్టల్ ఆ ఉదాహరణకు మూలం. నాలుగు ఒక రకంగా, నాలుగు మరో రకంగా కలిపిన ఎనిమిది కప్పులను యాదృచ్ఛికమైన వరుసలో అందించి, ఏ నాలుగు ఏ రకమో విడదీయమంటారు. ఎనిమిదింటిలో నాలుగింటిని ఎంచే మార్గాలు 70. కాబట్టి ఏమీ తెలియకుండా ఊహించినా అన్నీ సరిపోయే అవకాశం 70లో ఒకటి. కనీసం మూడైనా సరిపోయే అవకాశం 70లో 17, అంటే దాదాపు నాలుగో వంతు, గనుక ఒక్క పొరపాటు జరిగినా ఈ పరీక్ష ఏమీ రుజువు చేయలేదు. ఆరు కప్పులతోనే సరిపెడితే అన్నీ సరిగా చెప్పినా అది 20లో ఒక వంతు అదృష్టమే కావచ్చు. 'ఆమెకు ఆ శక్తి లేదు' అన్న ప్రతిపాదనను శూన్య పరికల్పన అంటారు. ప్రయోగం దానిని కూలదోయగలదే గాని ఎన్నటికీ నిరూపించలేదు. ఎన్ని కప్పులు, ఏ వరుస, ఎంత వస్తే ఒప్పుకోవాలి అన్నవన్నీ మొదటి గుక్కకు ముందే తేలిపోవాలన్నది అసలు పాఠం. ఆ మహిళ సరిగా చెప్పిందా లేదా అన్నది ఫిషర్ పుస్తకంలో రాయనే లేదు.

1947: రెండు ఘటనలు

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక బ్రిటన్‌లో ఈ తర్కం పొలం గట్టు దాటి ఆసుపత్రిలో అడుగుపెట్టింది. అమెరికాలో కనుగొన్న స్ట్రెప్టోమైసిన్ క్షయకు పనిచేస్తుందన్న ఆశ ఉన్నా, బ్రిటన్‌కు దొరికిన మందు అతి కొద్ది. అందరికీ ఇవ్వడం ఎలాగూ సాధ్యం కాని ఆ కొరతనే న్యాయమైన పరీక్షకు అవకాశంగా మలచుకున్న వైద్య పరిశోధన మండలి, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే గణాంకవేత్త రచించిన పద్ధతిలో 107 మంది రోగులను యాదృచ్ఛిక సంఖ్యల ఆధారంగా విభజించింది. ఎవరు ఏ వర్గమో సీలువేసిన కవర్లలో ఉండేది గనుక రోగిని చేర్చుకునే వైద్యుడికి ముందుగా తెలిసేది కాదు. ఎక్స్‌రేలు చదివినవారికి కూడా అవి ఎవరివో చెప్పలేదు. ఆరు నెలల్లో మందు పొందిన 55 మందిలో నలుగురు, విశ్రాంతి మాత్రమే పొందిన 52 మందిలో 14 మంది మరణించారని 1948 అక్టోబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రకటించింది. వైద్యుడి హస్తవాసి, రోగి అదృష్టం వంటి మాటలకు చోటులేని రీతిలో ఒక మందు విలువ తేలడం అంతకుముందు అరుదు. చాలామంది రోగులలో క్రిములు ఆ మందుకు లొంగని స్థితికి చేరుకున్న చేదు నిజమూ అదే పరీక్షలో బయటపడడంతో ఒకటికి మించిన మందులను కలిపి ఇవ్వడంపై తదుపరి పరీక్షలు నడిచాయి. ఆ క్రమంలోనే 1956లో మద్రాసులో ఏర్పాటైన క్షయ చికిత్సా కేంద్రం, బ్రిటిష్ వైద్యుడు వాలెస్ ఫాక్స్ నాయకత్వంలో, శానిటోరియం పడక మీద పొందే చికిత్సనూ పేదల ఇరుకిళ్లలోనే మందులిచ్చే చికిత్సనూ యాదృచ్ఛికంగా విభజించి పోల్చి, ఫలితాలలో చెప్పుకోదగిన తేడా లేదని 1959లో తేల్చింది. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం వంటి చోట్ల పడక దొరకని లక్షల కుటుంబాలకు ఆ ఒక్క ఫలితం చేసిన మేలు అపారం.

స్ట్రెప్టోమైసిన్ పరీక్ష నడుస్తున్న 1947లోనే కేంబ్రిడ్జిలో ఒక తెలుగు యువకుడు ప్రయోగ రచన గణితాన్ని మరో మెట్టు ఎక్కిస్తున్నారు. కల్యంపూడి రాధాకృష్ణారావు 1920లో నాటి బళ్లారి జిల్లా హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం, కలకత్తాలో గణాంక శాస్త్రం చదివారు. సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాలలో దొరికిన ప్రాచీన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించే పని మీద 1946లో కేంబ్రిడ్జి మానవశాస్త్ర మ్యూజియంకు వెళ్లి, అక్కడ జన్యుశాస్త్ర ఆచార్యులుగా ఉన్న ఫిషర్ పర్యవేక్షణలోనే 1948లో పీహెచ్‌డీ పొందారు. ఆయన 1947లో రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ పత్రికలో ప్రచురించిన వ్యాసం, తరువాత లంబ శ్రేణులుగా పేరుపొందిన అమరికలకు పునాది.

వాటి ప్రయోజనం వరి పొలంలో చూస్తే సులభంగా అర్థమవుతుంది. విత్తన రకం, నాటే దూరం, నత్రజని, భాస్వరం, పొటాష్, నీటి తడి, నారు వయసు అనే ఏడు అంశాలలో ఒక్కోదానికి రెండేసి స్థాయిలుంటే, అన్ని కలయికలనూ పరీక్షించడానికి 128 మడులు కావాలి. ఒకసారికి ఒక్క అంశాన్నే మార్చే పద్ధతిలో కాలం వృథా కావడమే కాక, ఒక్కో పోలికకు అందే ఆధారమూ పలచబడుతుంది. లంబ శ్రేణిలో మడులు ఎనిమిదే. కానీ ఏ రెండు అంశాలను తీసుకున్నా వాటి నాలుగు కలయికలూ సరిగ్గా రెండేసిసార్లు వచ్చేలా అవి అమరివుంటాయి. అందువల్ల ప్రతి అంశం ప్రభావాన్నీ నాలుగు మడుల సగటును నాలుగు మడుల సగటుతో పోల్చి, తక్కినవాటి ప్రభావంతో కలగాపులగం కాకుండా అంచనా వేయవచ్చు. దీనికి మూల్యమూ ఉంది: రెండు అంశాలు కలిసినప్పుడు మాత్రమే పుట్టే ప్రభావం బలంగా ఉంటే అది వేరే అంశం ప్రభావంలా కనబడి తప్పుదోవ పట్టించవచ్చు. ఆ పరిమితిని ఎరిగి వాడుకున్న పరిశ్రమలకు ఈ అమరిక వరమైంది. జపాన్ ఇంజనీరు గెనిచి తగుచి దీని ఆధారంగానే నాణ్యతా పద్ధతులను విస్తరించారు. రావు 2023 ఆగస్టులో 102 ఏళ్ల వయసులో అమెరికాలో మరణించారు. ఆ ఏడాదే ఆయనకు అంతర్జాతీయ గణాంక శాస్త్ర బహుమతి లభించింది. అయినా క్రీడాకారుల పేర్లు కంఠతా వచ్చిన తెలుగు విద్యార్థులలో ఈ పేరు విన్నవారు కొద్దిమందే కావడం బాధాకరం.

చీటీ వేయలేని చోటు

అన్ని ప్రశ్నలకూ చీటీ వేయలేము. కొందరిని పొగతాగమని ఆదేశించడం అమానుషం గనుక, పొగాకుకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ 1950 నుంచి పరిశీలనల ద్వారానే వెలికితీశారు. యాదృచ్ఛికీకరణ లేదన్న కారణంతో దానిని అంగీకరించని ఫిషర్, తన పద్ధతి పట్ల నిష్ఠతో మొదలై మొండితనంలో ముగిశారు. సాధ్యమైన చోట ప్రయోగం చేయాలి, కానిచోట అనేక స్వతంత్ర ఆధారాలను తూచాలి అన్నదే ఇక్కడ సరైన మార్గం.

సాధ్యమైన చోట చేస్తే ఏమవుతుందో 2020 మార్చిలో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ప్రారంభించిన రికవరీ పరీక్ష చూపింది. బ్రిటన్ ఆసుపత్రులలోని కోవిడ్ రోగులను యాదృచ్ఛికంగా విభజించి, చౌకగా దొరికే డెక్సామెథసోన్ వెంటిలేటర్ మీద ఉన్నవారి మరణాలను మూడో వంతు, ఆక్సిజన్ అవసరమైనవారి మరణాలను ఐదో వంతు తగ్గిస్తుందని, ఆక్సిజన్ అక్కర్లేనివారికి మేలు చేయదని జూన్ 16 నాటికే తేల్చింది. అందరూ ఎగబడిన హైడ్రాక్సీక్లోరోక్విన్ ఆసుపత్రిలో చేరిన రోగులకు ఉపయోగపడదనీ అదే తేల్చింది. మరుసటి ఏడాది మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో నాటుమందు కోసం వేలమంది బారులు తీరారు. తీసుకుని కోలుకున్నవారి మాటల్లో అబద్ధం లేకపోవచ్చు. కానీ కోవిడ్ సోకినవారిలో అత్యధికులు ఏ మందూ లేకుండానే కోలుకునేవారు గనుక, పోల్చడానికి మరో వర్గం లేనిదే ఆ మాటలు మందుకు అనుకూలంగానూ, వ్యతిరేకంగానూ ఏమీ చెప్పలేవు.

తెలుగు రాష్ట్రాల కళాశాలల్లో విద్యార్థి చేసేవి చాలావరకు ఫలితం ముందే తెలిసిన ప్రయోగాలు. రికార్డులో సరైన అంకె వేస్తే మార్కులు పడతాయి. ఏడాదికి ఒక్కటైనా జవాబు తెలియని ప్రశ్నను విద్యార్థి చేతికిచ్చి, దేనిని దేనితో పోల్చాలి, ఎన్నిసార్లు చేయాలి, ఎంపిక ఎవరి చేతిలో ఉండకూడదు, ఏ ఫలితం వస్తే తన ఊహను వదులుకుంటాడు అన్నవి ప్రయోగానికి ముందే రాయించే ఏర్పాటును రెండు రాష్ట్రాల ఇంటర్ బోర్డులూ విశ్వవిద్యాలయాలూ పాఠ్యప్రణాళికలో చేర్చాలి. అందుకు ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. కొన్ని కుండీలు, గుప్పెడు పెసలు, కాసిని చీటీలు ఉంటే ఈ విద్యాసంవత్సరంలోనే మొదలుపెట్టవచ్చు.